మూడు రూపాయల వడ్డీ అప్పు ఉండంగ దశమభాగం ఇయ్యాలా?

దేవరకొండ నుంచి ప్రశ్న

అందరికీ వందనాలు. మా చర్చి సంఘంల ఒక కుటుంబం లెక్క ఇది. ఆలుమగలకు కలిపి నెలకు 24,000 వస్తయి. ఇంటి ఖర్చు 14,000. ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన 2 లక్షలకు మూడు రూపాయల వడ్డీ, నెలకు 6,000. దశమభాగం, అంటే రాబడిల దేవునికిచ్చే పదో వంతు, 2,400. మిగిలేది 1,600, అది ఆస్పత్రికో బడి ఫీజుకో పోతది. అసలు ఒక్క రూపాయి తగ్గుతలేదు. పత్తి చేను మీద లక్ష పంట రుణం వేరే. ఇంట్ల 3 తులాల బంగారం ఉన్నది. మందిరం స్లాబుకు 25,000 ఇస్తమని అందరి ముందర చెయ్యెత్తిన్రు. ఇప్పుడు బావమరిది చిట్టీ పాడిండు, జమానతు పెట్టమంటున్నడు. దేన్ని ముందు పట్టాలె? దశమభాగం ఇయ్యకుంటే దేవుని సొమ్ము దొంగిలించినట్టే అని బైబిల్ల మలాకీ ప్రవక్త అన్నడు గదా, తగ్గిస్తే ఆ దొంగతనమే అయితదా?

నల్లగొండ, బ్యాంకు పని తెలిసినాయన

ముందు ఆ నోటు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెహెమ్యా 5వ అధ్యాయంల పొలాలు, ద్రాక్షతోటలు కుదువబెట్టి, బిడ్డలను దాసులుగ పంపిన జనం మొత్తుకుంటే నెహెమ్యా అప్పిచ్చినోళ్లను వాపసియ్యమన్నది నూరవ భాగం. దాన్ని నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు లెక్కగడతరు. మన భాషల రూపాయి వడ్డీ. ఇక్కడ దానికి మూడింతలు.

బంగారం బ్యాంకుల పెట్టి ఆ 2 లక్షలు తెచ్చి నోటు తెంపండి. బ్యాంకును బట్టి రేటు మారుతది, నూటికి నెలకు ముప్పావలా (75 పైసలు) అనుకుంటే నెలకు వడ్డీ 1,500. అసలు కిటుకు ఇక్కడుంది: ఇదివరకు కట్టిన 6,000 అట్లనే కట్టాలె. అప్పుడు 39 నెలల్ల బాకీ తీరి బంగారం ఇంటికొస్తది. మిగిలిన 4,500తో ఇంకో చిట్టీ ఏసిన్రంటే రెండు అప్పులైతయి, చాలా ఇండ్లల్ల జరిగేది ఇదే. బంగారం లోను ఎక్కువగ 12 నెలల గడువు మీద ఇస్తరు. 39 నెలలు పడుతది గనుక గడువు రాంగనే తిరగరాయించుకోవాలె. తారీఖు మరిచిపోతే నోటీసు, ఆ తర్వాత వేలం.

పంట రుణానికి మాత్రం తొందరపడొద్దు, కానీ గడువు దాటొద్దు. వడ్డీ 7 శాతం, ఏడాది లోపల కడితే 3 శాతం రాయితీ పోను 4 పడుతది. లక్షకు 3,000 తేడా. పత్తి పైసలు ఖాతాల పడంగనే మొదలు అది తిరగరాయించుకోండి.

పాలమూరు, వాక్య పరిచారకుడు

మలాకీ 3:10 చదివేటోళ్లు 3:5 కూడ చదవాలె. కూలోని కూలి ఎగబెట్టేటోని మీద, విధవరాలిని, తండ్రిలేనోళ్లను బాధపెట్టేటోని మీద దేవుడు సాక్ష్యం చెప్తనన్నడు. పత్తి ఏరిన ఆడోళ్లకు బాకీ పెట్టి కానుక పెట్టెల వేస్తే అది వాళ్ల పైసలు వేసినట్టే. ద్వితీయోపదేశకాండం 14ల దశమభాగం పంట మీద. దాన్ని దేవుని సన్నిధిల ఇంటోళ్లు కూడ తిన్నరు. మూడో ఏడు మాత్రం గుడి సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, దిక్కులేనోళ్లకు ఊర్లనే పెట్టిన్రు. ఇంత వడ్డీల మునిగిన కుటుంబానికి సంఘమే చెయ్యందియ్యాలె గాని, వాళ్ల దగ్గర లెక్క అడుగుడేంది?

2 కొరింథీ 8:12 కలిమి కొలది ఇయ్యమంటది. అప్పు తీరేదాంక నెలకు 500 అనుకొని, వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెస్తే సరిపోతది. మిగిలిన 1,900 లోనుకు. చేను మీద వచ్చిందాంట్ల విత్తనం, మందులు, కూలి తీసినంకనే లెక్క వెయ్యండి.

స్లాబు మాట మరిచినట్టు ఊకోవద్దు. ప్రసంగి 5:4-5 మొక్కుబడి గురించి గట్టిగనే ఉంది. పాస్టరుగారికి, కమిటీకి చెప్పి గడువు అడగండి. మందిరంల కోత పండుగ వేలంల కోడిపుంజును 3,000 దాంక పాడి, ఆ పైసలు అప్పు తేవడం కూడ ఇంతే. చప్పట్లయితే పడతయి.

హాలియా నుంచి

అయ్యగారూ, మీరు చెప్పిన 2 కొరింథీ 8లనే 3వ వచనంల మాసిదోనియ సంఘాలోళ్లు శక్తికి మించి ఇచ్చిన్రు గదా? 500కు అలవాటైతే మళ్లీ 2,400కు ఎవరొస్తరు?

పాలమూరు, వాక్య పరిచారకుడు

తమంతట తామే ఇచ్చిన్రని గూడ అక్కడనే ఉంది తమ్మీ. కానుకపెట్టెల రెండు కాసులు వేసిన విధవరాలు గూడ తన పైసలే వేసింది, నోటు రాసి తేలే. తిరిగి పెంచే సంగతికి ఇప్పుడే లోను తీరే నెల రాసిపెట్టుకోమనండి.

నల్లగొండ, బ్యాంకు పని తెలిసినాయన

జమానతు వద్దే వద్దు. సామెతలు 22:26-27ల పూటపడితే నీ కింది పరుపు లాక్కుపోతరని ఉంది. చట్టం కూడ అట్లనే ఉంది: చిట్టీ పాడినోడు కట్టకపోతే, వాని వెంట తిరగకుండనే కంపెనీ నేరుగ జమానతు పెట్టినోని మీదికి రావచ్చు. బావమరిదికి సాయం చెయ్యాలంటే ఓ 2,000 చేతికియ్యండి, వాపసు అడగకండి. సంతకం పెట్టకండి.

దేవరకొండ

చానా సంతోషం అన్నా. ఒకటే అనుమానం. పైసలు కట్టేనాడు నోటు దొరుకుతలేదంటే?

నల్లగొండ, బ్యాంకు పని తెలిసినాయన

చేతికియ్యొద్దు, ఆయన ఖాతాకే పంపండి. అసలు, వడ్డీ మొత్తం ముట్టినయి, ఫలాన తారీఖు నోటు ఇక చెల్లదని ఆయనతోనే రసీదు రాయించి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు కూడ అండ్లనే రాయించి వాపసు తీసుకోండి.