సన్నీవేల్ గోల్ఫ్ కోర్సు స్థలంలో బీఎంఆర్ (మార్కెట్ కన్నా తక్కువ రేటుకిచ్చే) ఇళ్లు కడితే తప్పేంటి?

అద్దెకొంప: కాలిఫోర్నియాలో మన సన్నీవేల్ సిటీకి రెండు గోల్ఫ్ కోర్సులున్నాయి, మొఫెట్ ఫీల్డ్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర 18 హోల్స్‌ది, వూల్ఫ్ రోడ్డు మీద సంకెన్ గార్డెన్స్ 9 హోల్స్‌ది. 2022లో రాష్ట్ర అసెంబ్లీ మెంబరు క్రిస్టినా గార్సియా ఏబీ 1910 బిల్లు తెచ్చింది, సిటీ గోల్ఫ్ భూముల్లో ఇళ్లు కట్టిస్తే గ్రాంటు ఇస్తారు, 25 శాతం ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకి, 15 శాతం జాగా అందరూ తిరిగేలా ఖాళీగా ఉంచాలి. అసెంబ్లీ కమిటీలోనే ఆగిపోయింది, అంతకుముందు ఏబీ 672 గతీ అంతే. రాష్ట్రం చెయ్యకపోతే సిటీయే చెయ్యొచ్చుగా?

తొమ్మిదో_హోల్: మొఫెట్ రన్‌వే ఎదురుగా ఇళ్లా? విమానాలు నెత్తి మీదుగా పోతాయండీ అక్కడ.

అద్దెకొంప: సరే అది వదిలెయ్యండి. సంకెన్ గార్డెన్స్ సంగతి చెప్పండి.

తొమ్మిదో_హోల్: రెండూ అని మొదలెట్టింది మీరేగా, ముందు మ్యాప్ చూడండి. అయినా 25 శాతం అంటే మిగతా 75 శాతం బిల్డరు మార్కెట్ రేటుకి అమ్ముకోడానికేగా, ఇందులో పేదలకి ఒరిగేదేంటి? కంట్రీ క్లబ్బుల్లో చేరలేని రిటైరైన వాళ్లు, హైస్కూలు పిల్లలు ఆడుకునేది ఇక్కడే. శాంటా క్లారా సిటీ కోర్సు 2019లో మూసేశారు, ప్లాన్లో ఎక్కువ భాగం ఆఫీసులే.

ఫ్రీమాంట్_పిన్ని: అది పాత చెత్త డంపు మీద కట్టిన కోర్సు బాబూ, దానికీ దీనికీ ముడిపెట్టకు.

తొమ్మిదో_హోల్: దేని మీదున్నా పోయింది గోల్ఫేగా పిన్నిగారూ.

అద్దెకొంప: మా ఆవిడ ప్రీస్కూల్లో చేస్తుంది, అక్కడ మన పిల్లలకి అన్నం పెట్టే ఆవిడ ఎక్కడో దూరంగా ఉన్న ట్రేసీ ఊరి నుంచి తెల్లారకముందే బయల్దేరి వస్తుంది, మా అద్దె ప్రతి రెన్యువల్‌కీ పెరుగుతూనే ఉంది, మీరేమో 75 శాతం దగ్గరే ఆగిపోయారు. అసలు విషయం చెప్పండి, మీ ఇంటి రేటు పడిపోతుందనేగా?

తొమ్మిదో_హోల్: అవును, అదే. తప్పా? గ్రీన్‌కార్డు లేకుండానే కొన్నాను, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చేది 60 రోజులే, ఇల్లు అమ్మితే వచ్చేదే మాకు దిక్కు. పక్కింటాయన ఎప్పుడో 80ల్లో కొన్నాడు, కొన్నప్పటి రేటుని బట్టే టాక్సు వేసే ప్రాప్ 13 చట్టం వల్ల నేను కట్టే టాక్సులో చిన్న ముక్క కడతాడు. ఆయన్నెవరూ త్యాగం చెయ్యమనరు, నిన్నగాక మొన్న కొన్న నేనే చెయ్యాలి!

కొత్తగావచ్చా: ఈ మాట ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

అద్దెకొంప: నాదీ హెచ్1బీయే, ఆ 60 రోజుల భయం నాకూ ఉంది, పైగా అమ్ముకోడానికి ఇల్లు కూడా లేదు. సిటీ భూమి ఉన్నది మీ ఇంటి రేటుకి కాపలా కాయడానికి కాదండీ.

ఫ్రీమాంట్_పిన్ని: స్థలం బిల్డరుకి అమ్మకుండా సిటీయే లీజుకిచ్చి మొత్తం బీఎంఆర్ కట్టిస్తే? నీ 75 శాతం బాధ కూడా తీరుతుంది కదా బాబూ.

తొమ్మిదో_హోల్: మొత్తం బీఎంఆర్ అయితే అసలే ఒప్పుకోను. కౌన్సిల్లో పెడితే వచ్చి మాట్లాడతా.

అద్దెకొంప: రండి. నేనూ వస్తా, ట్రేసీ ఆవిడని కూడా తీసుకొస్తా.