సముద్రం పక్క ఊళ్ళో పళ్ళ ముక్కలు ఎండట్లేదు, ఏం చేయాలి?

ఉప్పుగాలి (కాకినాడ):
అందరికీ నమస్తే. ఈ వేసవి బంగినపల్లి, సపోటా బుట్టలకొద్దీ వచ్చిపడుతున్నాయి, అన్నీ చుట్టాల తోటలవే, తిన్నన్ని తిని పంచినన్ని పంచినా ఇంకా మిగులుతున్నాయి. పిల్లల స్కూలు డబ్బాలోకి, డిసెంబర్‌లో కేకులోకి పనికొస్తాయని ముక్కలు కోసి డాబా మీద ఎండబెడుతున్నాను. పైకి ఎండినట్టే ఉంటాయి, డబ్బాలో పోసిన కొన్నాళ్ళకే జిగురు, ఆ తర్వాత పుల్లటి వాసన. ఎండ చూస్తే మాడ్చేస్తోంది, మరి ముక్క ఎందుకు ఎండదు? ఖమ్మంలో మా వదిన ఇలాగే చేస్తే చక్కగా వస్తున్నాయట! ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది కానీ దాని డయల్ 100 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. డీహైడ్రేటర్, అదే పళ్ళు ఎండబెట్టే కరెంటు మిషన్, కొనాలంటారా? బజార్లో దొరికే మామిడి ముక్కలు మాత్రం వద్దు, చాలావరకు పంచదార పాకంలో ఊరినవే, పండు రుచే తెలియదు.

డాబామేస్త్రి:
ఎండ ఎంత ఉందన్నది కాదండీ, గాలిలో తేమ ఎంత ఉందన్నది చూడాలి. ముక్కలోని నీటిని గాలి తీసుకుపోవాలి కదా, మీ ఊరి గాలి అప్పటికే నీళ్ళతో నిండి ఉంటే ఇంకేం తీసుకుంటుంది. పళ్ళని ఆరుబయట ఎండబెట్టాలంటే వేడి కనీసం 30 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలంటారు. ఖమ్మం వడగాలికి ఆ రెండూ ఉన్నాయి, మీకు మొదటిది ఒక్కటే ఉంది. పైగా సాయంత్రం ముక్కల్ని అలాగే డాబా మీద వదిలేస్తే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి ఎక్కుతుంది, అందుకని పొద్దు వాలకముందే లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి. స్టీలు పళ్ళెంలో కాకుండా చిల్లుల జాలీ మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ముక్క అర సెంటీమీటరు మందం దాటకూడదు. ఉప్పు పట్టించిన మామిడికాయ ఒరుగులు మీ దగ్గరా బాగానే ఎండుతాయి కదా అనుకోవచ్చు, కానీ అది పుల్లటి కాయ, పైన ఉప్పు, ముగ్గిన పండుతో పోల్చలేం.

రసాలపిచ్చి:
కాకినాడలో ఉండి ముక్కల కోసం ఈ తంటాలెందుకండీ, తాండ్ర వేసుకోండి! ఆత్రేయపురం మీకు ఎంత దూరమని? అక్కడ కూడా గోదావరి పక్కనే, ఉక్కలోనే వేస్తారు, కిటుకంతా పొర పల్చగా ఉండటంలో ఉంది. రసం వడకట్టి బెల్లమో పంచదారో కలిపి చాప మీద పూత పూసినట్టు రాస్తారు, అది ఆరాకే దాని మీద ఇంకో పూత. ఇంట్లో అయితే నెయ్యి రాసిన పళ్ళెం చాలు. బంగినపల్లి ముక్కలకి బాగుంటుంది, తాండ్రకి మాత్రం రసాలే. తొందరపడి ఒకేసారి మందంగా పోశారో, లోపల పులిసిపోతుంది.

కరెంటుబిల్లు:
తాండ్రని కేకులో ఏం వేస్తారు సార్, ఆవిడ అడిగింది ముక్కల గురించి. డీహైడ్రేటర్ సంగతి చెప్తా. 400 వాట్లది 10 గంటలు తిరిగితే 4 యూనిట్లు, మామిడికి ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కిలో ముక్కలు వేస్తే బయటికొచ్చేది సుమారు 200 గ్రాములు. పళ్ళు ఊరికే వస్తున్నప్పుడు గిట్టుబాటు, కొనుక్కుని చేస్తే లెక్క తేలదు. ఏడాదికి ఒక్క వేసవిలోనే వాడతానంటే నన్నడిగితే వద్దు, ఎయిర్ ఫ్రయర్ ఉన్నవాళ్ళెవరైనా దగ్గర్లో ఉంటే అందులో 60 డిగ్రీలు పెట్టే వీలుందేమో చూడండి, కొంచెం కొంచెంగా అందులోనే అయిపోతాయి.

ఉప్పుగాలి:
అంటే ఓటీజీ 100లో తలుపు కొంచెం తెరిచి పెట్టినా కుదరదా? ఇంకో మాట, ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది, చేత్తో నొక్కితే నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఓటీజీ_అక్క:
100 వద్దమ్మా. మొదట్లోనే అంత వేడి తగిలితే పైపొర గట్టిపడి మూత వేసినట్టవుతుంది, లోపలి నీరు బయటికి రాదు. డబ్బాలో పెట్టాక జిగురు వచ్చేది ఆ నీటితోనే. 55 నుంచి 60 మధ్య, ఫ్యాన్ తిరుగుతూ, నిదానంగా పోవాలి. నువ్వు చేయగలిగింది ఒకటుంది, పగలు డాబా మీద సగం పైగా ఎండనిచ్చి, మిగతాది ఎయిర్ ఫ్రయర్‌లో పూర్తి చేయి.

ఎండిందా అన్నదానికి చేతి కంటే తూకం నయం. కోసిన ముక్కల బరువు రాసిపెట్టుకో, మామిడి అయిదో వంతుకి దిగాలి, అరటి అయితే మూడో వంతుకి కాస్త తక్కువ. వేడి మీద ముక్క మెత్తగానే ఉంటుంది, చల్లారాక చూడాలి, మధ్యకి చీల్చి గట్టిగా నొక్కితే చెమ్మ కనిపించకూడదు, మడిస్తే ఒకదానికొకటి అంటుకోకూడదు.

ఇంకోటి, ఇది చాలామంది వదిలేస్తారు. ఎండగానే మూత బిగించి దాచేయకు. గాజు సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే వదులుగా పోసి వారం, పది రోజులు రోజూ ఒకసారి కుదుపు. అన్ని ముక్కలూ ఒకేలా ఎండవు కదా, తడి ముక్క నుంచి పొడి ముక్కకి తేమ సర్దుకుంటుంది. ఈలోగా సీసా గోడకి చెమ్మ పట్టిందంటే మళ్ళీ ఎండబెట్టాల్సిందే, బూజు కనిపిస్తే మాత్రం ఏరుకోవడాలు వద్దు, మొత్తం పారేయడమే. డాబా మీద ఎండినవాటికి పురుగు గుడ్ల భయం ఉంటుంది, మీ ఫ్రీజర్ మైనస్ 18కి పోతే రెండు రోజులు అందులో ఉంచి తీయి.

కేకు మాటకొస్తే, ఎండు ముక్కని అలాగే పిండిలో వేస్తే అది కేకులోని తడి లాగేస్తుంది. నూనె రాసిన కత్తెరతో చిన్నగా కత్తిరించి, అరగంట బత్తాయి రసంలో నానబెట్టి, వడకట్టి తుడిచి, చెంచా మైదా పట్టించి కలుపు, అడుక్కి దిగవు. ప్లమ్ కేక్ వాళ్ళలా వారాల తరబడి నానబెట్టాలనుకుంటే అది మద్యంలో అయితేనే, ఉత్త పళ్ళ రసంలో బయట పెడితే పులుస్తుంది, ఫ్రిజ్‌లో రాత్రంతా చాలు. సపోటా నాకు కేకులో నచ్చలేదు, ఎండాక ఉత్త తీపే తప్ప వాసన మిగలదు. అది పిల్లల డబ్బాకి ఉంచేయి.

ఉప్పుగాలి:
అక్కా, తూకం మాట ఎవరూ చెప్పలేదు, రేపటి నుంచి అదే. పక్కింట్లో ఎయిర్ ఫ్రయర్ ఉంది, 60 పెట్టొచ్చో లేదో అడుగుతాను. రసాలపిచ్చి గారూ, రసాలు కూడా వచ్చాయి, ఆదివారం తాండ్ర మొదలెడుతున్నా. ఒక పూత ఎండాక రెండో పూత అదే రోజు వేయొచ్చా?

రసాలపిచ్చి:
వేలికి అంటకపోతే వేయొచ్చండీ. అంటితే మర్నాటికి ఆగండి.