ఏజెన్సీ పిల్లలకు ఉద్యోగం దక్కకపోవడానికి కారణం స్కిల్ లేకపోవడమేనా?

మంగపేట టీచర్:
మొన్న జాబ్ మేళా గురించి మాట్లాడుకుంటుంటే ఒకాయన "ములుగు ఏజెన్సీ పిల్లలకు స్కిల్స్ లేవు, అందుకే ఉద్యోగాలు రావు" అని ఒక్క మాటలో తేల్చేశారు. నేను ఒప్పుకోను. మా ఊరి అమ్మాయి డిగ్రీ పాసైంది, హనుమకొండలో బిల్లింగ్ ఉద్యోగానికి సెలెక్ట్ కూడా అయింది. కానీ చేరలేదు. హాస్టల్ అడ్వాన్స్, మొదటి నెల మెస్ డబ్బు ఇంట్లో పుట్టలేదు. మీరేమంటారు?

హనుమకొండ షాపు ఓనర్:
టీచర్ గారూ, రెండేళ్లలో ములుగు వైపు నుంచి నలుగురిని తీసుకున్నాను. పని నేర్పేసరికి మిర్చి ఏరడం మొదలైంది, ముగ్గురు ఊరికి వెళ్లిపోయారు. ఇక ఎవరిని నమ్మాలి? పైగా 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, వచ్చి పోవడానికి ఇబ్బందేంటి?

గోవిందరావుపేట అన్న:
ఫ్రీ బస్సుతోనే మా చెల్లె కాలేజీ పూర్తి చేసింది, కాదనను. కానీ రాత్రి తొమ్మిదికి షాపు మూస్తే అప్పుడు మా ఊరికి బస్సేది? మగపిల్లలకైతే టికెట్ తప్పదు.

కన్నాయిగూడెం డీఎడ్:
ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నేను డీఎడ్ చదివిందే ఆ ఆశతో. ప్రైవేటు వైపు చూడమంటే చూస్తాను. కానీ ఫోన్‌లో ఇంటర్వ్యూ అంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. మధ్యలో కట్ అయితే వాళ్లు మళ్లీ చేయరు.

మంగపేట టీచర్:
ఓనర్ గారూ, పని నేర్పాక మనిషి వెళ్లిపోతే నష్టమే, అర్థమైంది. వాళ్లు ఎందుకు వెళ్లారో అడిగారా? మిర్చి ఏరితే కూలి ఆ వారమే చేతికొస్తుంది. మీ దగ్గర ఈ నెల 5న చేరితే జీతం వచ్చే నెల 10న. అన్ని రోజులు అప్పు చేసి తినాలి. ఏటూరునాగారం నుంచి హనుమకొండ వంద కిలోమీటర్లు దాటుతుంది, రోజూ తిరిగే దూరం కాదు, గది తీసుకోవాల్సిందే. ఇంట్లో అమ్మకు జ్వరమొస్తే ఆ అప్పు కూడా పుట్టదు.

కమలాపురంలో రేయాన్ దారానికి వాడే కలప గుజ్జు ఫ్యాక్టరీ నడిచినప్పుడు మా మండలం వాళ్లు డ్యూటీ దిగి ఇంటికొచ్చి అన్నం తినేవారు. పని అక్కడే నేర్చుకున్నారు. 2014లో అది ఆగిపోయింది. ఆ ఇళ్లలోని పిల్లలనే ఇప్పుడు స్కిల్ లేదంటుంటే నాకు బాధగా ఉంటుంది.

హనుమకొండ షాపు ఓనర్:
జీతం తేదీ సంగతి నేను ఆలోచించలేదు. మొదటి రెండు నెలలు వారం వారం ఇవ్వగలను. గది అద్దె మాత్రం నా వల్ల కాదు. స్కిల్ మాట కూడా పూర్తిగా వదలను, కంప్యూటర్ ముట్టని వాళ్లకు నెల రోజులు నేర్పాల్సి వస్తోంది. ఆ అమ్మాయి ఇంకా ఖాళీగానే ఉందా?

మంగపేట టీచర్:
ఊళ్లోనే ఉంది, మిర్చి తోటకు వెళ్తోంది. హాస్టల్ అడ్వాన్స్‌కు మేం నలుగురు టీచర్లం తలా కొంత వేస్తాం. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడుగుతాను.