ప్రవేశాల ప్రచారాన్ని లీనియర్ ప్రోగ్రామింగ్‌కు అప్పగించవచ్చా?

డిగ్రీ అధ్యాపకుడు, కావలి:
ఇంటర్ పరీక్షలు ముగియగానే మండలాలు పంచుకొని, మా కళాశాలలో చేరమని అడగడానికి విద్యార్థుల ఇళ్లకు వెళ్లడం మాకు ఏటా ఉన్నదే. ఈసారి మేం నలుగురం, చేతిలో 12 రోజులు, అంటే 48 పనిదినాలు. ఎక్కువమంది చేరేలా వీటిని ఏ మండలానికి ఎన్ని కేటాయించాలో లీనియర్ ప్రోగ్రామింగ్‌తో, అంటే ఉన్న పరిమితుల్లోనే గరిష్ఠ ఫలితమిచ్చే పంపకాన్ని కనుగొనే గణిత పద్ధతితో, తేల్చుదామన్నది నా ప్రతిపాదన. ఇలాంటి లెక్కలు చేయడానికి 1947లో జార్జ్ డాంట్‌జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతిని తరగతిలో బోధించే మనం, సొంత పనికి మాత్రం ఎవరి బంధువులున్న ఊరికి వారిని పంపుతున్నాం.

ప్రవేశాల బాధ్యత చూసినవాడిని, నెల్లూరు:
మాస్టారూ, లెక్క తప్పదు గానీ అందులో వేసే అంకెలే నమ్మదగినవి కావు. ఉదయగిరి వైపు రెండు రోజులు తిరిగితే ఒక్కరు చేరారని మీ రిజిస్టరులో ఉందనుకోండి. అక్కడికి వెళ్లింది ఎప్పుడు? దగ్గరి ఊళ్లన్నీ అయ్యాక, పిల్లలు వేరేచోట చేరిపోయాక. ఆ అంకె చూసి నమూనా ఉదయగిరికి సున్నా రోజులు ఇస్తుంది. వెళ్లరు కాబట్టి వచ్చే ఏడు చేరేవారూ ఉండరు. నమూనా చెప్పిందే నిజమైందని మీరు సంతోషిస్తారు. పైగా బిట్రగుంటలో మొదటి పనిదినాన దొరికినంతమంది ఇరవయ్యో పనిదినానా దొరుకుతారా?

గణిత అధ్యాపకురాలు, ఒంగోలు:
రెండో అభ్యంతరానికి విరుగుడు ఉంది. బిట్రగుంటకు మొదటి 10 పనిదినాల్లో రోజుకు ముగ్గురు, ఆపైన ఒక్కరు అని రెండు చరరాశులుగా విడదీయండి. రోజులు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతున్నంత కాలం పద్ధతి తానే ఎక్కువ ఫలితమిచ్చే రోజులను ముందు నింపుకుంటుంది. మొదటి అభ్యంతరం మాత్రం బలమైనదే. అందుకే ఉదయగిరికి కనీసం 6 పనిదినాలు అని షరతు పెట్టండి. మిగిలిన చోట్ల చివరి రోజుకు ఒక్కరు, ఉదయగిరిలో రోజుకు అరమంది అయితే, ఆ షరతు షాడో ప్రైస్, అంటే షరతును ఒక్క రోజు పెంచితే తగ్గే ఫలితం, రోజుకు అర విద్యార్థి. ఆరు రోజులకు ముగ్గురు. ఆ ముగ్గురిని వదులుకోవడానికి సిద్ధమా అన్న ప్రశ్న యాజమాన్యం ముందు అంకెతో సహా నిలుస్తుంది. నా దృష్టిలో ఈ నమూనా అసలు ప్రయోజనం అదే.

ఇంజినీరింగ్ కళాశాల ఉద్యోగి, ఒంగోలు:
మాకిది అంతగా కుదరదు. ప్రైవేటు కళాశాలల్లో 70 శాతం కన్వీనర్ కోటా సీట్లు ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు, వెబ్ ఆప్షన్లను బట్టి నిండుతాయి, మేం ఎన్ని రోజులు ఏ ఊరు తిరిగామన్నదాన్ని బట్టి కాదు.

డిగ్రీ అధ్యాపకుడు, కావలి:
షరతు పెడతాను. అయితే ఆ ఆరు రోజులూ ప్రచారం మొదట్లోనే ఉండాలి, రిజిస్టరులో వెళ్లిన తేదీకి ఒక గడి కలపాలి. లేకుంటే నెల్లూరు వారి అభ్యంతరం మళ్లీ మొదటికొస్తుంది. పోనూ రానూ బస్సులోనే సగం పూట గడిచే ఆ దారికి ముందు ఎవరు వెళ్తారన్నది సోమవారం సమావేశంలో అడుగుతాను.