నట్టల మందు తాగించినా గొర్రెల దవడ కింద వాపు తగ్గడం లేదు

వానలు మొదలైన నెలకు మందలో కొన్ని గొర్రెలకు దవడ కింద నీరు దిగింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలి పొర కాగితంలా పాలిపోయి ఉంది. పారుడు మాత్రం లేదు, పెంటికలు గట్టిగానే పడుతున్నాయి. బరువు తూచి మరీ కిలోకు 5 మి.గ్రా. చొప్పున ఫెన్‌బెండజోల్ తాగించాం. పెంటికల పరీక్షలో గ్రాముకు 2,400 ఉన్న గుండ్రటి పురుగుల గుడ్లు 14 రోజుల తర్వాత 2,100 దగ్గరే ఆగాయి. మందు పేరుకే! కాలేయపు జలగల (కాలేయంలో చేరే చదునైన పురుగుల) గుడ్లు కనబడలేదు. కానీ ఒంట్లో చేరిన రెండు మూడు నెలల దాకా అవి గుడ్లు పెట్టవు కనుక ఆ అనుమానమూ పోలేదు. కొన్ని గొర్రెలు నిండు చూడితో ఉన్నాయి. ఈ స్థితిలో వేరే రకం నట్టల మందైన లెవామిసోల్‌కు మారాలా, రక్తం పీల్చే నట్టలతో పాటు ఎదిగిన జలగల మీదా పనిచేసే క్లోజాంటెల్ వాడాలా?