రాంగ్‌రూట్ ధైర్యం: పుట్టుకతో వచ్చిందా, రోడ్డు నేర్పిందా?

కడప కుర్రోడు:
బెంగళూరు మారతహళ్ళి సర్వీస్ రోడ్డులో రోజూ చూస్తున్నదే. యూటర్న్ దూరమని బైకులు ఎదురొస్తుంటాయి, నడిపేది ఎక్కువగా నా వయసు మగపిల్లలే. 1985లో మార్గో విల్సన్, మార్టిన్ డేలీ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలోని డెట్రాయిట్ హత్యల లెక్కలు తీసి చెప్పింది ఇదే: తోటివాళ్ళ ముందు తగ్గకూడదనే పోటీ, పరిణామ క్రమంలోనే కుర్రాళ్ళలో పాతుకుపోయిందని. రక్తంలో ఉన్నదాన్ని ఫైన్లు ఏం మారుస్తాయి?

కేఆర్‌పురం అక్క:
రక్తం మీదకి నెట్టేయకు తమ్ముడూ. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి చూడు. పిల్లాణ్ణి స్కూటీ ముందు నిలబెట్టుకుని, ఒక చేత్తో వాడి స్కూల్ బ్యాగ్ పట్టుకుని ఎదురొచ్చే తల్లులు కనిపిస్తారు. వాళ్ళకి ఎవరితో పోటీ?

ఇది అనుభవం నేర్పిన తప్పుడు పాఠం. 2004లో రాల్ఫ్ హెర్ట్‌విగ్, ఇడో ఎరెవ్ అనే పరిశోధకుల బృందం ఒక ప్రయోగం చేసింది. ఒకవైపు ఖాయంగా 3 పాయింట్లు. రెండోవైపు నూటికి 80 వంతులు 4 వచ్చే అవకాశం, లేదంటే సున్నా. ఈ లెక్క రాసి చూపిస్తే 36 శాతం మందే రెండోదానికి వెళ్ళారు. లెక్క చెప్పకుండా, బటన్లు నొక్కి మీరే తెలుసుకోండి అంటే 88 శాతం మంది అటే మొగ్గారు. కాసిన్నిసార్లు నొక్కి ఆపేసేవాళ్ళకి ఆ సున్నా పెద్దగా తగలదు, కొందరికి అసలే తగలదు. పొద్దున ఎదురెళ్ళాం, ఏం కాలేదు. సాయంత్రమూ ఏం కాలేదు. ఇంక భయం ఎక్కడ మిగులుతుంది?

వైట్‌ఫీల్డ్ వాసి:
నేను డెలివరీ చేస్తాను అక్కా. ప్రమాదం తెలియక కాదు. ఆర్డర్ లేటైతే కస్టమర్ ఫోన్, తర్వాత రేటింగ్ టెన్షన్. ఆ దెబ్బ ఏ రోజుకారోజు తగులుతుంది. యూటర్న్ దగ్గర్లో ఉంటే ఎవడు ఎదురెళ్తాడు?

కేఆర్‌పురం అక్క:
నిజమే తమ్ముడూ, ఆ యూటర్న్‌లు వేసినవాళ్ళనీ అడగాల్సిందే. కానీ నువ్వన్న దెబ్బలోనే నా మాటా ఉంది. చిన్నదైనా రోజూ తగిలేదే మనిషికి పాఠం. అప్పుడప్పుడూ స్పెషల్ డ్రైవ్ పెట్టి వేలల్లో ఫైన్ వేసే బదులు, కొంచెమే వేసినా ప్రతిసారీ పడేలా కెమెరా పెట్టాలి.

కడప తమ్ముడికి ఇంకొకటి. 1980ల్లో సూసన్ మినెకా, మైఖేల్ కుక్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు: ల్యాబ్‌లో పెరిగిన రీసస్ కోతులకి పామంటే భయం లేదు. వేరే కోతి పాముని చూసి బెదిరిన వీడియో చూశాక భయం పట్టుకుంది. అదే వీడియోలో పాము బదులు పువ్వు పెడితే భయం రాలేదు. పరిణామం మనకిచ్చింది పాము భయాన్ని చప్పున నేర్చుకునే గుణం. బైకులొచ్చి ఎన్నాళ్ళైంది? ఆ భయం మనమే నేర్పాలి.

కడప కుర్రోడు:
కోతుల సంగతి ఒప్పుకుంటా అక్కా. కెమెరా దగ్గరే ఒప్పుకోను. కెమెరా ఉందని తెలిసి నంబర్ ప్లేట్ వంచేసుకుని తిరిగేదీ మా వయసువాళ్ళే. స్కూటీ మీద వచ్చే ఆ తల్లులు అలా చేయరు కదా?