గుంథరీ చేప గుడ్లు: చెన్నై వేడిలో ఎప్పుడు తడపాలి?

వేళచ్చేరి నుంచి ప్రశ్న: నోథోబ్రాంకియస్ గుంథరీ (మడుగు ఎండినా గుడ్లు మట్టిలో బతికుండే చిన్న చేప) గుడ్లున్న పీట్ (నాచు కుళ్లిన మెత్తటి మట్టి) సంచికి 8 వారాలు నిండాయి. గది 30 డిగ్రీలు. నీళ్లు పోయొచ్చా?

జవాబు: వారాలు కాదండీ, గుడ్డులోని పిల్ల కళ్లు చూడండి. 24–25 డిగ్రీల దగ్గర సుమారు మూడు నెలలు. వేడికి ముందే తయారవుతాయి. భూతద్దంతో చూస్తే నల్లటి కంటి చుట్టూ బంగారు వలయం కనబడాలి. తొందరపడితే పిల్లలు ఈదలేక అడుగునే పాకుతూ చచ్చిపోతాయి.

ఇంకో జవాబు: 18–20 డిగ్రీల నీళ్లు, 5 సెంటీమీటర్ల లోతు చాలు. మెట్రో కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే. ఆర్టీమియా (చేపపిల్లల తిండికి వాడే సన్న ఉప్పునీటి రొయ్య) గుడ్లను ముందురోజే పొదగేయండి, పిల్లలకు తొలిరోజే తిండి కావాలి. పీట్ మాత్రం పారేయొద్దు! గుడ్లన్నీ ఒకేసారి పొదగవు. జాంజిబార్ మడుగుల్లో తొలివాన మోసం చేసినా జాతి నిలిచేది అందుకే. ఆరబెట్టి మళ్లీ కట్టేయండి.

ప్రశ్న: సంచిలోని పీట్‌లో ఎంత తడి ఉంచాలి?

జవాబు: పిండితే చుక్క రాకూడదు, వేళ్లకు చెమ్మ తగలాలి.